ఓడ పేరే ఇంటిపేరు: జాన్ కెల్లీని వెతికిన నా అనుభవం

మేము మెల్‌బోర్న్‌కి ఉత్తరాన బెవరిడ్జ్‌లో ఇల్లు కట్టుకుని వచ్చి మూడేళ్ళు దాటింది. క్రెయిగీబర్న్ కూడా దాటి ఇంకా పైకి రావాలి, హ్యూమ్ ఫ్రీవే పక్కనే. మేం వచ్చినప్పుడు చుట్టూ గడ్డి భూములే, ఇప్పుడు మా వీధిలోనే నాలుగు తెలుగు కుటుంబాలు, సంక్రాంతికి డ్రైవ్‌వేల మీద ముగ్గులు కూడా పడుతున్నాయి. ఈ ఊళ్ళో కెల్లీ స్ట్రీట్ అని ఒక రోడ్డుంది, దాని పక్కన ఒక పాత ఇల్లు, చెక్క గోడలు, నల్లటి బ్లూస్టోన్ చిమ్నీ, చుట్టూ కంచె. కారులో వెళ్తూ వందసార్లు చూసుంటా, ఎవరిదో పాడుబడ్డ ఇల్లు అనుకునేదాన్ని అంతే.

మా పాప ఇయర్ ఫైవ్. ఇక్కడ ఆ క్లాసులో 1800ల నాటి కాలనీల గురించి చెప్తారు, ఖైదీలు, బంగారం గనులు, అన్నీ. టీచర్ ఒక ప్రాజెక్ట్ ఇచ్చింది, బ్రిటిష్ వాళ్ళు ఓడలో ఇక్కడికి పంపించిన ఒక ఖైదీని ఎంచుకుని వాళ్ళ జీవితం మొదటినుంచి చివరిదాకా దొరికినంత వెతికి రాయమని. ఒక షీట్ కూడా ఇచ్చారు, గళ్ళు గీసి. పేరు, పుట్టిన ఊరు, నేరం, ఓడ, శిక్ష, తరవాత ఏమైంది, చివర్లో ఒక పెద్ద గడి: ఆ మనిషి సొంత మాటల్లో. ఈ చివరి గడి సంగతి తరవాత చెప్తా, నాకు నెలరోజులు నిద్ర పట్టనివ్వనిది అదే.

పాప ఎవర్ని ఎంచుకుందంటే, ఆ చిమ్నీ ఇల్లు కట్టినాయన్ని. అప్పటిదాకా ఆ ఇల్లు ఎవరిదో నాకు నిజంగా తెలీదు. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి నెడ్ కెల్లీ పేరు తెలిసే ఉంటుంది, ఇనప కవచం వేసుకుని పోలీసులతో కాల్పులకి దిగినతను, 1880 నవంబర్ 11న మెల్‌బోర్న్ జైల్లో ఉరి తీశారు. ఆ ఇల్లు 1859లో కట్టింది అతని తండ్రి జాన్ కెల్లీ. అందరూ రెడ్ అనేవాళ్ళు. నెడ్ గురించి ఈ దేశంలో చెప్పనివాళ్ళు లేరు, కానీ ఈ తండ్రి ఐర్లాండ్‌లో టిప్పరరీ నుంచి 21 ఏళ్ళ వయసులో సంకెళ్ళతో వచ్చిన కుర్రాడు, ఆయన కథ అడిగేవాళ్ళు తక్కువ. పాపేమో "అమ్మా, మన ఊరి ఖైదీ" అంది. సరే అని ఇద్దరం కూర్చున్నాం.

మా అమ్మకి తెనాలికి ఫోన్ చేసి చెప్తే "ద్వీపాంతరవాసం అన్నమాట, అండమాన్‌కి పంపినట్టు" అంది ఠక్కున. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరని అలాగే అండమాన్ పంపారు, చిన్నప్పుడు మా తాతయ్య చెప్పేవాడు. "ఏం చేశాడే ఆ అబ్బాయి?" అని అడిగింది. రెండు పందులు దొంగిలించాడమ్మా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. "రెండు పందులకి భూమికి ఆ చివరికి పంపారా?" అంది. ఆ తరవాత వారానికోసారి నేను ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న అదే, దొరికాడా ఆ అబ్బాయి అని.

దొరకడం అంత తేలిక కాలేదు. కారణం ఏంటంటే పేరు. జాన్ కెల్లీ అంటే ఐర్లాండ్‌లో మన వెంకటేశ్వరరావు లాంటిది, ఎటు తిరిగినా ఒకరు తగుల్తారు. రెడ్ కెల్లీని పంపింది ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మానియా దీవికి. లైబ్రరీస్ టాస్మానియా వాళ్ళు ఖైదీల రికార్డులన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టారు, నేమ్స్ ఇండెక్స్ అంటారు, అక్కడ పేరు కొట్టగానే జాన్ కెల్లీలు వరసగా వచ్చేశారు. ఆ దీవిని అప్పట్లో వాన్ డీమెన్స్ ల్యాండ్ అనేవాళ్ళు, 1856లో టాస్మానియా అని పేరు మార్చారు, 1853 దాకా అక్కడికి దాదాపు 75 వేలమంది ఖైదీలని పంపారు, అందులో ఐర్లాండ్ వాళ్ళు బోలెడుమంది, అందులో కెల్లీలు బోలెడుమంది. నేను వయసు దగ్గరగా ఉంది కదా అని ఒకతన్ని పట్టుకుని రెండు వారాలు అతని వెంటే పడ్డా. పేజీలు ప్రింట్ తీశా, చేతిరాత కష్టపడి కూడబలుక్కుని చదివా, పాప షీట్‌లో పెన్సిల్‌తో రాసేశాం కూడా. తీరా చూస్తే అతను వేరే మనిషి.

మా దగ్గర లైబ్రరీలో శనివారాలు కుటుంబ చరిత్ర వెతుక్కునేవాళ్ళకి సాయం చేసే ఒక పెద్దావిడ ఉంటారు. ఆవిడకి నా కాగితాలు చూపిస్తే పేరు వైపు చూడను కూడా లేదు, ఓడ ఏది అని అడిగారు. అప్పుడు చెప్పారు అసలు సంగతి. అక్కడి ప్రభుత్వం దృష్టిలో ఖైదీ అంటే పేరు, ఓడ. వచ్చిన రోజు నుంచి శిక్ష అయిపోయేదాకా ప్రతి కాగితం మీదా పేరు పక్కన ఓడ పేరు రాస్తారు, ఎందుకంటే జాన్ కెల్లీలు అంతమంది ఉన్నారు మరి. అదే ఓడ పేరుతో వేరే సంవత్సరాల్లో వచ్చినవాళ్ళూ ఉంటారు కాబట్టి ఏ ప్రయాణమో కూడా చూసుకోవాలి. మనకి ఇంటిపేరు ఎలాగో వాళ్ళకి ఓడ అలాగ. ఇంటికొచ్చి అమ్మకి ఇదే చెప్తే "అయితే ఓడే ఇంటిపేరన్నమాట పాపం" అంది. మా వాడి ఓడ ప్రిన్స్ రీజెంట్. 1842 జనవరి 2న ఆ దీవిలోని హోబార్ట్ రేవుకి చేరింది. ఓడ పేరు పెట్టి వెతికితే పది నిమిషాల్లో దొరికాడు.

ఆ పేజీ తెరుచుకున్నప్పుడు నేనూ పాపా ఇద్దరం లాప్‌టాప్ మీదకి వంగిపోయాం. కాండక్ట్ రికార్డ్ అంటారు దాన్ని. అచ్చేసిన ఫారం, మధ్యలో సిరా చేతిరాత. ఆ కాలం ఫారాలు ఎలా ఉంటాయంటే మనిషిని ముక్కలు ముక్కలుగా రాస్తారు. ఎత్తు, వయసు, ఒంటి రంగు, తల, జుట్టు, మీసాలు గడ్డాలు, ముఖం, నుదురు, కనుబొమ్మలు, కళ్ళు, ముక్కు, నోరు, గడ్డం, ఒక్కోదానికి ఒక్కో గీత. చివర మచ్చలూ పచ్చబొట్లూ. మతం. చదవగలడా రాయగలడా. పెళ్ళయిందా. పారిపోతే పట్టుకోవడానికి ఇదంతా, అప్పటికి ఖైదీలకి ఫోటోలు తీసే పద్ధతి లేదు కాబట్టి మాటలతోనే ఫోటో. ప్రపంచంలో మామూలు పేదవాళ్ళ గురించి, ఏ రాజూ ఏ జమీందారూ కాని వాళ్ళ గురించి ఇంత వివరంగా రాసిపెట్టిన కాగితాలు చాలా తక్కువ, అందుకే ఆస్ట్రేలియా ఖైదీల రికార్డుల్ని యునెస్కో 2007లో మెమరీ ఆఫ్ ది వరల్డ్ అనే ముఖ్యమైన పత్రాల జాబితాలో చేర్చింది. మా తాతల్లో ఎవరి ముక్కు ఎలా ఉండేదో నాకు తెలీదు, మా ముత్తాత పేరు దాటి పైకి వెళ్ళలేను నేను. ఈ పందులు దొంగిలించిన కుర్రాడి కనుబొమ్మల దగ్గర్నుంచి ప్రభుత్వం దగ్గర ఉన్నాయి.

చేతిరాత గురించి కూడా చెప్పాలి, ఎవరైనా ఇలాంటివి వెతకాలనుకుంటే పనికొస్తుంది. మొదట్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా తాతయ్య దగ్గర పాత దస్తావేజులు ఉండేవి, గొలుసుకట్టు రాతలో, అక్షరం నుంచి అక్షరానికి కలం ఎత్తకుండా రాసినవి, అవి చూసినట్టే ఉంది. ఆ గుమాస్తాలు రోజుకి ఎంతమందివి రాసేవాళ్ళో ఏమో, అన్నీ పొట్టి అక్షరాలే. టీఎల్ అంటే టికెట్ ఆఫ్ లీవ్, శిక్షలో ఉండగానే బయట సొంతంగా పని చేసుకునే అనుమతి, ఎఫ్ఎస్ అంటే శిక్ష పూర్తిగా అనుభవించి విడుదలైనట్టు, సీపీ అంటే షరతులతో క్షమాభిక్ష. తెలిసిన మాట ఒకటి పట్టుకుని, ఆ మాటలో అక్షరాలు ఎలా రాశాడో చూసుకుని, తెలియని మాటతో పోల్చుకుంటూ పోవడమే. పాప నాకంటే తొందరగా పట్టేసింది.

ఆ ఫారంలో ఒక చోట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. "తాను చెప్పిన నేరం" అనే అర్థం వచ్చే మాటలుంటాయి. హోబార్ట్‌లో దిగకముందే గుమాస్తాలు ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి అడిగేవాళ్ళు, ఏం చేశావు, ఎక్కడ చేశావు, మీ వాళ్ళు ఎవరు, ఎక్కడుంటారు అని. కాగితాలు ఓడలో ముందే వచ్చుంటాయి కాబట్టి అబద్ధం చెప్తే దొరికిపోతారు, అందుకని చాలామంది ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు. అంటే అది ఖైదీ నోటి మాట, గుమాస్తా కలం గుండా. మా వాడి నేరం రెండు పందులు. పాప వెంటనే "సొంత మాటలు గడిలో ఇది రాయొచ్చా?" అని అడిగింది. నాకేం చెప్పాలో తెలీలేదు. భయంతో ఎదురుగా ఉన్న ఆఫీసరుకి జవాబు చెప్పింది మన మాట అవుతుందా? అప్పటికి ఆ గడి ఖాళీగానే ఉంచమన్నా.

నెడ్ కెల్లీ పేరు పెద్దదయ్యాక తండ్రి గురించి కూడా కథలు పుట్టాయి, భూస్వాముల మీద తిరగబడ్డ యోధుడు అన్నట్టు. నాకు అర్థమవుతుంది అలా ఎందుకు చెప్పుకుంటారో. కానీ కాగితంలో ఉన్నది రెండు పందులే, నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది. ఎందుకంటే ఐర్లాండ్‌లో ఆ రోజుల్లో పంది అంటే ఏంటో చదివాక తెలిసింది. చిన్న రైతు కుటుంబం బంగాళాదుంపలు తిని బతుకుతుంది, పండించిన ధాన్యం అమ్ముకుంటుంది, ఇంట్లో పందిని పెంచి అమ్మిన డబ్బుతో కౌలు కడుతుంది. కౌలు కట్టకపోతే ఇంట్లోంచి గెంటేస్తారు. కౌలు కట్టే పెద్దమనిషి అని పందిని అనేవాళ్ళట. మా వైపు పాడిగేదె ఎలాగో అలాగ, గేదెని తోలుకుపోతే ఆ ఇల్లు ఏమవుతుందో ఊళ్ళో పెరిగిన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అందుకని పోగొట్టుకున్నవాడి బాధ కూడా నాకు చిన్నదిగా కనపళ్ళేదు. రెండు పక్కలా పేదవాళ్ళే.

ఐర్లాండ్ వైపు వెతకడం ఇంకో అనుభవం. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు ఆస్ట్రేలియాకి పంపిన ఖైదీల పేర్లన్నీ ఒక డేటాబేస్ చేసి పెట్టారు, 1988లో, బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ స్థిరపడి రెండొందల ఏళ్ళయిన పండగ జరిగినప్పుడు ఐర్లాండ్ ఆ రికార్డుల కాపీలని ఆస్ట్రేలియాకి కానుకగా ఇచ్చింది, దాంట్లోంచి పుట్టింది ఇది. కానీ 1836కి ముందు రిజిస్టర్లు లేవు. 1922 జూన్ 30న, వాళ్ళ అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ దగ్గర రికార్డుల ఆఫీసు పేలి కాలిపోయింది. వందల ఏళ్ళ కాగితాలు ఒక్క రోజులో పోయాయి. 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కలు దాదాపు మొత్తం అందులోనే పోయాయి. అంటే 1841లో ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చూద్దామంటే ఇక లేదు. మా వాడు 1841లో శిక్ష పడ్డవాడు కావడం వల్ల కొంత దొరికాడు, అతని అన్నో బాబాయో ఒక పదేళ్ళ ముందు వెళ్ళుంటే ఐర్లాండ్ వైపు ఈ మాత్రం కూడా దొరికేది కాదేమో.

తేదీల విషయంలో ఒక చిన్న ఉపాయం చెప్తా, పెద్దావిడే నేర్పారు. శిక్ష లెక్క ఓడ దిగిన రోజు నుంచి కాదు, కోర్టులో తీర్పు చెప్పిన రోజు నుంచి. రెడ్ కెల్లీకి 1848 జనవరిలో విడుదల పత్రం వచ్చింది. శిక్ష ఏడేళ్ళు. వెనక్కి లెక్కేస్తే 1841 జనవరి. అంటే ఓడ ఎక్కించేముందు నెలల తరబడి అక్కడి జైల్లో ఉన్నాడు, తరవాత నెలల తరబడి సముద్రం మీద ఉన్నాడు, హోబార్ట్‌లో కాలు పెట్టేసరికే ఒక ఏడాది అయిపోయింది. పాప క్యాలెండర్ మీద గీతలు గీసి ఇది తనే కనిపెట్టింది, ఆ రోజు దాని ముఖం చూడాలి మీరు.

పుట్టింది 1820, టిప్పరరీ కౌంటీలో మొయ్‌గ్లాస్ అనే ఊరి వైపు. ఐర్లాండ్ నేషనల్ లైబ్రరీ వాళ్ళు 2015లో పాత క్యాథలిక్ చర్చి రిజిస్టర్లన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు, అవీ తిరగేశా, సగం పేజీలు చెమ్మకి మసకేసి ఉంటాయి. మ్యాప్‌లో ఆ ఊరు తెరిచి స్ట్రీట్ వ్యూలో తిరిగాం నేనూ పాపా, పచ్చటి పొలాలు, రాతి గోడలు, సన్నటి రోడ్లు. "ఇక్కణ్ణుంచి మన ఇంటిదగ్గరకి వచ్చాడా" అని అది నోరు తెరిచింది.

వాన్ డీమెన్స్ ల్యాండ్‌లో ఆ ఆరేళ్ళు ఎలా గడిచాయి అంటే, అతను వచ్చిన టైంలో ప్రొబేషన్ అనే పద్ధతి ఉండేది. మొదట గ్యాంగుల్లో పెడతారు, రోడ్లు వేయడం, చెట్లు కొట్టడం, జీతం ఉండదు, రాత్రికి బారకాసులో తాళం. బాగా నడుచుకుంటే పాస్ ఇస్తారు, అప్పుడు కూలికి ఎవరైనా పెట్టుకోవచ్చు. ఆ తరవాత టికెట్ ఆఫ్ లీవ్, ఇది వస్తే తన పని తను చూసుకోవచ్చు, కానీ జిల్లా దాటకూడదు, హాజరు వేయించుకుంటూ ఉండాలి. చివర్న విడుదల. ఫారం కింద సగం ఖాళీ ఎందుకు ఉంచేవాళ్ళంటే, ఈ ఏళ్ళల్లో చేసిన తప్పులు రాయడానికి. తాగాడు, పిలిస్తే పలకలేదు, పనికి ఆలస్యంగా వచ్చాడు, ఇలాంటివి, పక్కన మేజిస్ట్రేట్ పొడి అక్షరాలు. వేరేవాళ్ళ పేజీలు చదువుతుంటే కొన్నిచోట్ల ఆ రాత పేజీ అంచుల్లోకి, పక్కకి తిరిగి, ఖాళీ లేకుండా నిండిపోయి ఉంటుంది. మంచి పని చేశాడని రాసే గడి మాత్రం ఆ ఫారంలో లేదు.

ఈ మధ్యలో ఐర్లాండ్‌లో ఏం జరిగిందో చూడండి. 1845లో బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. ఆ తరవాత నాలుగేళ్ళలో సుమారు పది లక్షలమంది ఆకలితో, జబ్బులతో చనిపోయారు, ఇంకో పది లక్షలమంది ఊళ్ళు వదిలి ఓడలెక్కారు. మా గుంటూరు వైపు 1832-33లో నందన కరువు అంటారు, ఇప్పటికీ ముసలివాళ్ళు ఆ పేరు ఎత్తుతారు, అలాంటిదే అక్కడ. రెడ్ కెల్లీ విడుదలైన 1848 ఆ కరువు నడుస్తున్న సంవత్సరం. విడుదల పత్రం ఇస్తారు కానీ తిరుగు టికెట్ ఇవ్వరు. వెళ్ళాలంటే సొంత డబ్బుతో వెళ్ళాలి, ఏ కూలివాడు కడతాడు అంత? కట్టినా ఎక్కడికి వెళ్తాడు? ఆ రాత్రి నాకు మా నాన్న గుర్తొచ్చారు. 2021లో, బోర్డర్లు మూసేసినప్పుడు, నాన్న పోయినప్పుడు నేను వెళ్ళలేకపోయా. నాది రెండేళ్ళ మూత, అతనిది జీవితాంతం, రెండూ ఒకటని అనట్లేదు. కానీ 1848 అన్న అంకె దగ్గర వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నా, పాప పడుకున్నాక.

అతను మధ్యలో ఉన్న సముద్రం, బాస్ స్ట్రెయిట్, దాటి ఇటు పోర్ట్ ఫిలిప్‌కి వచ్చేశాడు. ఇప్పటి విక్టోరియా. టాస్మానియా నుంచి వచ్చిన పాత ఖైదీలని ఇక్కడివాళ్ళు వాన్‌డీమోనియన్లు అనేవాళ్ళు, ఆ పలకడంలోనే దయ్యం అన్న ధ్వని వస్తుంది. 1852లో వాళ్ళని రాకుండా ఆపడానికి ఒక చట్టం కూడా చేశారు. శిక్ష అయిపోయినా మచ్చ పోలేదన్నమాట. అందుకే చాలామంది ఆ ఏళ్ళ గురించి పిల్లలకి కూడా చెప్పలేదు, మనవళ్ళకి తెలిసింది ఈ రికార్డులు తెరిచాకే. మా లైబ్రరీ పెద్దావిడ వాళ్ళ ఇంట్లో కూడా అదే, ఆవిడ అమ్మ చనిపోయేదాకా ఆ మాట ఇంట్లో ఎత్తనివ్వలేదట.

వాలన్ దగ్గర జేమ్స్ క్విన్ అనే ఐరిష్ రైతు దగ్గర వడ్రంగి పనికి కుదిరాడు రెడ్. వాలన్ అంటే మాకు ఇప్పుడు పక్క ఊరు, మా వారు రోజూ ట్రైన్ ఎక్కేది అక్కడే. క్విన్ కుటుంబం కూడా 1841లోనే ఐర్లాండ్ వదిలారు, కానీ వాళ్ళు స్వేచ్ఛగా వలస వచ్చినవాళ్ళు. అదే సంవత్సరం, అదే దేశం, ఒకళ్ళు పిల్లాపాపలతో, ఒకడు సంకెళ్ళతో. ఆ క్విన్ గారి అమ్మాయి ఎలెన్‌ని 1850 నవంబర్ 18న పెళ్ళి చేసుకున్నాడు, అమ్మాయికి 18 ఏళ్ళు, మెల్‌బోర్న్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో. ఆ చర్చి ఎక్కడో కాదు, మెల్‌బోర్న్ సెంట్రల్ స్టేషన్ పక్కనే, ఎలిజబెత్ స్ట్రీట్ లాన్స్‌డేల్ స్ట్రీట్ మూల. నేను ఆ పక్కనే మూడేళ్ళు ఉద్యోగం చేశా. పాపని తీసుకెళ్ళి లోపల కూర్చోబెట్టా ఒక ఆదివారం. విక్టోరియాలో పుట్టుక చావు పెళ్ళిళ్ళకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ మొదలైంది 1853 జూలైలో, అంతకు ముందువి చర్చి పుస్తకాల్లోనే ఉంటాయి, ఈ సంగతి తెలియక నేను ఆ పెళ్ళి సర్టిఫికెట్ కోసం ఒక వారం తప్పుచోట వెతికా.

ఆ తరవాత బంగారం గనుల వైపు వెళ్ళి కొంత సంపాదించి బెవరిడ్జ్‌లో భూమి కొన్నాడు, పిల్లలు పుట్టారు, 1859లో ఈ చిమ్నీ ఇల్లు. తన చేత్తో కట్టాడు. ప్రాజెక్ట్ మొదలయ్యాక మళ్ళీ వెళ్ళి కంచె బయట నిలబడి చూశాం. ఐర్లాండ్ పల్లెల్లో ఇళ్ళ తీరులోనే కట్టాడని అంటారు. చిమ్నీలో రాళ్ళు ఒక్కోటి ఒక్కో సైజు, మధ్యలో సన్నరాళ్ళు ఇరికించి సర్దాడు. మా ఇల్లు కట్టేటప్పుడు బిల్డర్ ఎన్నిసార్లు తిప్పాడో, మా వారూ నేనూ స్లాబ్ పోసిన రోజు టెంకాయ కొట్టి ఎంత ఏడ్చామో గుర్తొచ్చింది. శిక్ష అయిపోయిన పదకొండేళ్ళకి సొంత ఇంటి పొయ్యి దగ్గర కూర్చున్న మొదటి రాత్రి అతనికి ఎలా ఉండుంటుందో అని నేను ఆ చిమ్నీ వైపే చూస్తూ ఉండిపోయా.

కానీ నిలబడలేదు. 1864లో ఇక్కడి భూమి అమ్మేసి అవెనెల్ వెళ్ళిపోయారు, మాకు ఉత్తరాన గంట లోపు దారి. 1865లో దూడ దొంగతనం కేసు పెడితే ఆ నేరం రుజువు కాలేదు, దాని తోలు తన దగ్గర ఉంచుకున్నాడని మాత్రం శిక్ష వేశారు. 25 పౌండ్ల జరిమానా లేదా ఆరు నెలల కఠిన శిక్ష. జరిమానా కట్టలేకపోయాడు. మళ్ళీ జైలు. మొదట రెండు పందులు, ఇప్పుడు ఒక తోలు. ఆ తరవాత మనిషి కోలుకోలేదు, తాగుడు ఎక్కువైంది, ఒళ్ళంతా నీరు పట్టింది. 1866 డిసెంబర్ 27న చనిపోయాడు. 46 ఏళ్ళు.

డెత్ సర్టిఫికెట్ విక్టోరియా రిజిస్ట్రీ నుంచి డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్నాం. ఇక్కడి పాత డెత్ సర్టిఫికెట్లు చాలా వివరంగా ఉంటాయి, భార్య, పిల్లలు, పుట్టిన దేశం, ఈ కాలనీలో ఎన్నేళ్ళు ఉన్నారు, అన్నీ అడుగుతారు. వివరాలు చెప్పి నమోదు చేయించినవాళ్ళ పేరు కూడా రాస్తారు. అక్కడ ఉన్నది ఎడ్వర్డ్ కెల్లీ, కొడుకు. అంటే నెడ్. పదకొండో పన్నెండో ఏళ్ళు ఉంటాయి అప్పటికి. తల్లి చంటిపిల్లలతో ఇంట్లో ఉంటే, పెద్దకొడుకు వెళ్ళి తండ్రి చావు రాయించి వచ్చాడు.

పాప ఆ పేరు మీద మౌస్ పెట్టి పెద్దది చేసి చూసింది. దానికీ పదకొండే. ఏం మాట్లాడలేదు. కాసేపటికి షీట్ తెచ్చుకుని చివరి గడిలో రాసింది, ఇంగ్లీషులోనే రాసిందనుకోండి, తెలుగులో చెప్తే ఇలా: "జాన్ కెల్లీ గురించి నాకు దొరికినవన్నీ అతన్ని పట్టుకున్నవాళ్ళు రాసినవి. అతని ఇంట్లోవాళ్ళు చెప్పి రాయించింది ఒక్కటే కాగితం, అది అతను చనిపోయాక. అందుకని ఈ గడి ఖాళీ." నేను దిద్దలేదు. టీచర్ ఏమంటుందో అని కూడా ఆలోచించలేదు.

అమ్మకి ఫోన్ చేసి అంతా చదివి వినిపించా. "ఆ పిల్లాణ్ణి తర్వాత ఉరి తీశారు కదే" అంది. అవునమ్మా, ఇంకో పద్నాలుగేళ్ళకి అన్నా. అమ్మ ఇంకేం అనలేదు, పక్కన టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది.

సెలవుల్లో అవెనెల్ వెళ్ళాం. హ్యూస్ క్రీక్ అని వాగు ఉంది అక్కడ. నెడ్ చిన్నప్పుడు ఆ వాగులో మునిగిపోతున్న ఒక పిల్లాణ్ణి బయటికి లాగితే ఆ పిల్లాడి తల్లిదండ్రులు పచ్చ పట్టుగుడ్డ ఒకటి బహుమతిగా ఇచ్చారు, అది ఇప్పుడు బెనల్లా మ్యూజియంలో ఉంది, చివరి కాల్పుల రోజు కవచం లోపల అదే కట్టుకుని ఉన్నాడు. ఆ గుడ్డ ఇచ్చినప్పటికి తండ్రి బతికే ఉన్నాడు, ఇంట్లో ఒక్క రోజైనా సంతోషంగా గడిచుంటుంది అనుకున్నా. తర్వాత రెడ్‌ని పూడ్చిన శ్మశానానికి వెళ్ళాం. ఎండకి గడ్డి పసుప్పచ్చగా ఉంది, కాకటూలు అరుస్తున్నాయి. పాప బెవరిడ్జ్‌లో కంచె బయట ఏరుకున్న చిన్న రాయి ఒకటి జేబులో తెచ్చింది, నాకు తెలీదు తెచ్చినట్టు, అక్కడ పెట్టింది.

ప్రాజెక్ట్ ఇచ్చేసింది, మార్కులు వచ్చాయి, అది అయిపోయింది. నా దగ్గర మాత్రం టేబుల్ సొరుగులో ఆ మొదటి జాన్ కెల్లీ కాగితాలు ఉండిపోయాయి, నేను రెండు వారాలు పొరపాటున వెంటపడ్డ వేరే ఓడ మనిషి. మొన్న సర్దుతూ పారేద్దామని తీస్తే పాప ఆపింది, "అమ్మా, ఆయన ఏమయ్యాడో చూడలేదు కదా మనం" అని. ఆయనకి పేరున్న కొడుకెవరూ లేరు, వెతికేవాళ్ళు ఉన్నారో లేదో. నిన్న రాత్రి ఓడ పేరు పెట్టి మళ్ళీ మొదలుపెట్టా.